నేనన్న ఆయ్ వేరు, వాళ్ళు విన్న ఆయ్ వేరు

మొన్న గ్యాస్ బండ కోసం ఫోను చేస్తే మనిషికి బదులు ఒక యంత్రం పలికింది. బండ బుక్ చేయమంటారా, అవును లేదా కాదు అని చెప్పండి అంది. నేను అలవాటు చొప్పున "ఆయ్" అన్నాను. క్షమించండి, మీ సమాధానం అర్థం కాలేదు అంది. గొంతు పెంచి మళ్ళీ ఆయ్ అన్నాను, మళ్ళీ క్షమించమంది. అలా కాసేపు నేను ఆయ్ అనడం, అది క్షమాపణ చెప్పడం అయ్యాక దానికే విసుగొచ్చి పెట్టేసింది. బండ రాలేదు గాని బండబూతులు మాత్రం నోటిదాకా వచ్చాయి.

కోపం చల్లారాక ఆలోచిస్తే ఆ యంత్రాన్ని మెచ్చుకోవాలనిపించింది. అర్థం కానిదాన్ని అర్థం కాలేదని ఒప్పుకుంది కదా! ఆపాటి ఇంగితం తొంభైల్లో, రాజోలులో, నా చుట్టూ ఉన్న మనుషులకి ఉండి ఉంటే నా రెండో పెళ్ళి గొడవ అంత దూరం వెళ్ళేది కాదు.

ఆయ్ అంటే అవును అని బయటి ఊళ్ళవాళ్ళు అనుకుంటారు. అవునే, కాని అందులో అవును పాలు బహు తక్కువ. వింటున్నాను చెప్పండి అనే ఆయ్ ఒకటి, మీరు పెద్దవారు కనక కాదనలేకపోతున్నాను అనే ఆయ్ ఒకటి, ఇంక చాలు, దయచేయండి అనే ఆయ్ మరొకటి. పెళ్ళిపంక్తిలో ఇంకో బూరె వెయ్యమంటారాండీ అని అడిగితే, విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టి మరీ ఆయ్ అంటాం. వడ్డించేవాడు మా వాడే అయితే ముందుకి వెళ్ళిపోతాడు. పై ఊరివాడైతే చేతి మీద బూరె పెడతాడు.

మా మొదటాయన ఎరువుల కొట్టు నడిపేవారు. ఒకనాడు ఛాతీలో నొప్పి అని కూర్చున్న మనిషి మరి లేవలేదు. అమ్మాయి అప్పటికి ఇంకా పలకా బలపమూ వదల్లేదు. ఏడవడానికి కూడా వేళాపాళా లేని రోజులవి. కొట్టు ఎత్తేసి, ఆ గదిలోనే అద్దాల గది ఒకటి కట్టించి ఎస్టీడీ బూత్ పెట్టాను. మా ఊళ్ళో బూత్ అనే మాటని ఎవరూ పొల్లు పెట్టి పలకరు. కనక సెంటర్లో ఎవరు ఆరా తీసినా, పాపం ఆవిడ బూతులతోనే సంసారం ఈదుకొస్తున్నారండి అని గౌరవంగా చెప్పేవారు. మా అత్తగారైతే, మా వంశంలో ఆడపిల్ల నోట బూతు మాట వినలేదు, ఇప్పుడు గుమ్మానికి బోర్డే కట్టుకున్నాం అని వాపోయేది. అయినా అమ్మాయికి జడ వేసి, బడికి పంపి, నన్ను కౌంటరు దగ్గర కూర్చోబెట్టింది ఆవిడే.

మస్కట్ నుంచీ కువైట్ నుంచీ మగవాళ్ళు ఫలానా వేళకి చేస్తామని కబురు పెడితే, వాళ్ళ ఆడవాళ్ళు తలలో పువ్వులు పెట్టుకుని మరీ వచ్చేవారు, అవతలివాళ్ళకి కనబడుతుందన్నట్టు. లోపలికి వెళ్ళి ఆయ్, ఆయ్ అనడం తప్ప ఇంకేమీ మాట్లాడకుండా కళ్ళు తుడుచుకుంటూ బయటికి వచ్చేవారు. అన్ని రకాల ఆయ్‌లు విన్నదాన్ని, చివరికి నా ఆయ్ దగ్గరే తప్పులో కాలేశాను.

ఆ రోజుల్లో మా వైపు ఫోను లైన్లు చూసే లైన్‌మేన్ ఒకాయన ఉండేవారు. భార్య పోయి కొన్నేళ్ళయింది, పిల్లలు లేరు. భుజానికి తీగచుట్ట, నడుముకి ఒక ఫోను, మనిషి ఎంత పొడుగో మాట అంత పొట్టి. గాలివాన వస్తే ఎక్కడో ఒక కొబ్బరాకు పడి లైను పోయేది. ఆయన వచ్చి ఎదురుగా ఉన్న స్తంభం ఎక్కి, బాగుచేసి, అక్కడి నుంచే తన ఫోను తగిలించి మాకు చేసేవారు. వినబడుతోందాండీ అని ఆయన, ఆయ్ అని నేను. గరగర ఏమన్నా ఉందాండీ, లేదండి. ఇంతే మా సంభాషణ చాలాకాలం.

తర్వాత్తర్వాత దానికి ఒక తోక మొలిచింది. పైనున్నవాడికి కనబడేది కింద కూర్చున్నదానికి కనబడదు కదా. కాలవకి నీళ్ళొదిలేరండి, ఎర్రగా వస్తున్నాయి అనేవారు. మీ పెరట్లో నందివర్ధనం విరగబూసిందండి అనేవారు. మీ అమ్మాయిగారు బడి నుంచి వస్తన్నారండి, మలుపు తిరిగేరు, జడ ఊడిపోయింది అనేవారు. మొదటాయన పోయాక గడప దాటడమే మానేసి, అద్దాల గది పక్కన తానూ ఒక అద్దంలా కూర్చున్న మనిషికి, ఆయన స్తంభం మీది నుంచి ఊరంతా తెచ్చి చెవిలో పోసేవారు. గాలి వీచినప్పుడల్లా, లైను పోతే బాగుండునని నాకెందుకనిపిస్తోందో ఆలోచించే తీరిక నాకు లేదు, ఉన్నా ధైర్యం లేదు.

ఒక వర్షాకాలం, పెద్దగాలి వెలిసిన మర్నాడు, బూత్ నిండా జనం. స్తంభం మీది నుంచి ఫోను. వినబడుతోందాండీ, ఆయ్. క్లియర్‌గా ఉందాండీ, ఆయ్. మీకూ ఒకరు లేరు, నాకూ ఒకరు లేరు, మీకు ఇష్టమైతే మనం పెళ్ళి చేసుకుందామండీ, ఆయ్.

నోరు ముందు, బుర్ర వెనక. ఆ మాట నాకు అర్థమయ్యేసరికి లైను కట్టయింది, మనిషి స్తంభం దిగిపోయాడు, సైకిలు మలుపు తిరిగిపోయింది. పద్ధతి గల మనిషి కనక నా దగ్గరికి రాలేదు, నేరుగా కొత్తపేటలో ఉన్న మా బావగారి దగ్గరికి వెళ్ళి, "వారు ఆయ్ అన్నారండి, ఇక తమరి దయ" అని చేతులు కట్టుకుని నిలబడ్డారట.

ఇక చూడండి నా అవస్థ! బావగారు ఊగిపోతూ వచ్చారు. తమ్ముడి పరువు ఏమయిందని అడిగారు, లోకం ఏమంటుందని అడిగారు, పిల్ల గతేమిటని అడిగారు, మంచినీళ్ళు అడిగారు. నువ్వు నిజంగా ఏమన్నావమ్మా అని మాత్రం అడగలేదు. సెంటర్లో వాళ్ళు ఇంకో అడుగు ముందుకు వేసి, లైన్‌మేన్ లైనేశాడు, ఆవిడ ఎత్తేరు అని తీర్మానించారు. ఎరువులు కొనడానికి వచ్చిన రోజుల్లో కూడా నా ముఖం చూడనివాళ్ళు ముహూర్తాలు పెట్టేశారు. ఒప్పుకున్నవాళ్ళూ నన్ను అడగలేదు, ఒప్పుకోనివాళ్ళూ నన్ను అడగలేదు. పెళ్ళికూతురితో తప్ప ఊరందరితో సంప్రదింపులు జరిగిన పెళ్ళి అది.

విసుగెత్తిపోయి, అది ఔనన్న ఆయ్ కాదు, వింటున్నానన్న ఆయ్ అని బావగారికి చెప్పేశాను. ఆయన హాయిగా ఊపిరి పీల్చుకుని ఆ సంగతి లైన్‌మేన్ గారికి చేరవేశారు. అసలు సిసలైన చిరాకు అప్పుడు మొదలయింది. ఆ మహానుభావుడు మళ్ళీ ఒకసారి అడగవచ్చు కదా! పొరపాటు నాదేనండి, క్షమించమన్నానని వారికి చెప్పండి అని బావగారితోనే కబురంపి, ఆ తర్వాత లైను పోతే ఇంకొకరిని పంపడం మొదలుపెట్టారు. ఆ వచ్చినవాడు స్తంభం ఎక్కేవాడు, ఓకేనా మేడమ్ అనేవాడు, దిగేవాడు. కాలవ సంగతి లేదు, నందివర్ధనం ఊసు లేదు. లైను గాజులా ఖణీమని పలుకుతూ ఉంటే నాకు ఒళ్ళు మండిపోయేది. గరగర లేని ఫోను అంత మూగగా ఉంటుందని అంతకుముందు తెలియదు.

నేను రిసీవరు ఎత్తి వినడం, పెట్టడం, గాలి వీస్తోందా అని ఆకాశం చూడటం మా అత్తగారు గమనిస్తూనే ఉంది. ఒక మధ్యాహ్నం కొబ్బరికోరు తీస్తూ తల ఎత్తకుండానే అంది: "లైను పాడైందని కంప్లైంటియ్యవే."

"బాగానే ఉందండి అత్తయ్యగారూ."

"ఉంటే ఉంది. పెద్దాయన్నే పంపమను, ఆ కుర్రోడికి చేతకావట్లేదను." కోరు గిన్నెలోకి వంపింది, అప్పటికీ తల ఎత్తలేదు. "నా కొడుకు కోసం నేనూ ఏడిచేను. నిన్ను చూసి కూడా ఏడవాలంటే ఈ కళ్ళు చాలవమ్మా."

ఆవిడ ముఖం చూడలేక నేను ఫోను దగ్గరికి వెళ్ళిపోయాను.

మర్నాడు ఆయన వచ్చారు. నావైపు చూడకుండా తిన్నగా స్తంభం ఎక్కి, అక్కడి నుంచి చేసి, ఇక్కడ ఫాల్టేమీ కనబడట్లేదండీ అన్నారు. లైన్లో లేదండి, ఫాల్టు మీలో ఉంది అన్నాను. ఒకసారి అడిగి ఊరుకుంటారేంటండీ, అడిగిందేదో సరిగ్గా అడగండి అన్నాను. అప్పుడు కూడా ఆయన ఏమన్నారో తెలుసా? "ఉండండి, పక్కన కరెంటు తీగలున్నాయండి. దిగొచ్చి అడుగుతాను."

దిగొచ్చి కౌంటరు ముందు నిలబడ్డారు. చొక్కా నిండా నాచు, నుదుటి మీద చెమట. అడిగారు. అద్దాల గదిలో కువైట్‌తో మాట్లాడుతున్న ఒకావిడ మాట ఆపేసి తలుపు వారగా తీసింది. నా నాలిక చివరికి ఆయ్ అప్పుడే వచ్చేసింది. దాన్ని మింగి, గుక్క తిప్పుకుని, "చేసుకుంటానండి" అన్నాను. తలుపు దగ్గరున్నావిడ రిసీవర్లోకి, "ఏవండోయ్, మన బూతమ్మగారు చేసుకుంటారంట!" అని ఒక్క కేక పెట్టింది. ఆ విధంగా నా పెళ్ళివార్త కొత్తపేట కన్నా ముందు కువైట్ చేరింది.

నిత్యం స్వామివారి కల్యాణం జరిగే మురమళ్ళ వెళ్ళి దండలు మార్చుకున్నాం. బావగారు అలిగి రాలేదు, ఆ తర్వాత అల్లం పచ్చడి బాగుంటుందని మా ఇంటికి రావడం మొదలుపెట్టారు. మొదటాయన తల్లిని రెండో ఆయన ఏమని పిలవాలో ఏ వరసలోనూ లేదు. ఈయన తడుముకోకుండా అత్తయ్యగారు అని పిలిచారు. ఆవిడ మా దగ్గరే ఉండి, చివరి ఘడియల్లో ఈయన చేతి నీళ్ళు తాగే వెళ్ళిపోయింది.

తెలుగులో ఒక తమాషా ఉంది. నా మొదటి పెళ్ళి గురించి ఎవరడిగినా, పదో తరగతి అవగానే నాకు పెళ్ళి చేసేరండి అనేదాన్ని. ఆ వాక్యంలో చేసినవాళ్ళంతా ఉన్నారు, నేనే లేను. అలాగని ఆ సంసారం చెడ్డదని కాదు, ఆ మనిషిని ఇప్పటికీ తలుచుకుంటాను, ఈయన వింటారు. కాని రెండోదాన్ని గురించి పెళ్ళి చేసుకున్నాను అని మొదటిసారి పైకి అన్న రోజున, ఆ మాట మధ్యలో ఉన్న ‘కు’ అనే చిన్న అక్షరం దగ్గర ఆగి, ఇంకోసారి అని చూసుకున్నాను. దానికోసం ఎంతమందిని విసుక్కున్నానో, ఎంతమంది చేత విసిగించుకున్నానో!

తర్వాత కొన్నేళ్ళకి, బూత్‌లు మూతపడి చేతుల్లోకి సెల్‌ఫోన్లు వచ్చాక, కాకినాడలో ఉద్యోగం చేస్తున్న మా అమ్మాయి ఫోను చేసి, అమ్మా, ఫలానా అబ్బాయిని చేసుకుంటున్నానే, ఆదివారం తీసుకొస్తా, పులస దొరికితే పులుసు పెట్టు అంది. నాకు తిక్క రేగింది. కన్నతల్లిని, నన్ను అడగాలా వద్దా అని ఇల్లెగిరిపోయేలా అరిచాను. ఈయన అంతా విని, మీ బావగారు కూడా అప్పట్లో అచ్చం ఇలాగే అన్నారండి అన్నారు.

నోరు మూసుకుని చింతపండు నానబెట్టాను. పిల్ల పులుసు గురించి ఎంత తేలిగ్గా అందో, పెళ్ళి గురించీ అంత తేలిగ్గా అనేసింది. అలా అనగలగాలనే కదా నేను అంత యాతన పడ్డది. అయినా ఆ ఒక్క అక్షరానికి ఒకప్పుడు ఎంత బరువుండేదో పిల్లకి ఎప్పటికీ తెలియదు కదా అనుకుంటే, గింజలు ఏరుతున్న చేతులు కాసేపు ఆ నీళ్ళలోనే ఉండిపోయాయి.