రోకలి లెన్సును ఎండబెట్టిన రోజు

ఇప్పటి పిల్లలు జేబులోంచి ఫోను తీసి, రెండు వేళ్లతో అలా సాగదీస్తే చాలు, చందమామ మీది మచ్చ కూడా ఇంటి ముంగిట్లోకి వచ్చేస్తోంది. ఆ రోజుల్లో దూరాన ఉన్నదాన్ని దగ్గరికి లాక్కోవాలంటే మెడకు బలముండాలి, మోచేతులకు నిబ్బరముండాలి, ఇంట్లో ఆవిడకు ఓపిక ఉండాలి. మొదటి రెండూ నాకు దండిగా ఉండేవి. రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో దమ్మపేట బస్టాండు ఎదురుగా నాకొక ఫోటో స్టూడియో ఉండేది. అప్పటికే నలభై దాటాను. అయినా మనిషికి రెండో పడుచుతనం ఒకటి వస్తుందని, అది మొదటిదానికన్నా ప్రమాదమని నాకెవరూ చెప్పలేదు. కొందరికి అది పేకాట రూపంలో వస్తుంది, కొందరికి వార్డు మెంబరు పదవి రూపంలో వస్తుంది. నాకు మాత్రం పాత టెలిఫోటో లెన్సుల రూపంలో వచ్చింది.

అప్పుడే డిజిటల్ కెమెరాలు దిగాయి. ఖమ్మం, వైరా, సత్తుపల్లి స్టూడియోల వాళ్లంతా పాత ఫిల్ము సామానును వదిలించుకునే తొందరలో ఉన్నారు. ఒకప్పుడు బీరువాలో పెట్టి తాళం వేసి, ఒక్కసారి చూస్తానంటే కూడా బతిమాలించుకున్న లెన్సులు ఇప్పుడు కూరగాయల సంచిలో పడి, 'ఎంతో కొంత ఇచ్చి పట్టుకపో అన్నా' అనే స్థితికి వచ్చాయి. నేను పట్టుకొచ్చాను. ఒకటి తెచ్చాక దానికి తోడు కావాలనిపించింది, తోడు వచ్చాక వాటికి పెద్దదిక్కు కావాలనిపించింది. అలా వచ్చిన పెద్దదిక్కే రోకలి. రష్యాలో పుట్టింది. మూరెడు పొడవు, లోపలంతా గాజు, బయటంతా ఇనుము. దాన్ని కెమెరాకు తగిలించడం కుదరదు, కెమెరానే దానికి తగిలించుకోవాలి. అదీ బోరింగు పైపులాగా మర తిప్పి తిప్పి బిగించాలి. అది బిగిసేలోపు కొమ్మ మీది పిట్ట ఎగిరిపోయి, ఇంకో చెట్టు మీద గూడు కట్టి, పిల్లల్ని కూడా లేపేది (కాస్త పెంచి చెప్పాను. ఎగిరిపోయేది, అంతవరకే నిజం).

పెంచి చెప్పడం ఆ లెన్సులతో పాటు వచ్చిన జబ్బు అనుకుంటాను. దూరపు వస్తువును పెద్దది చేసి చూపించడమే వాటి పని కదా, నాకూ అదే అంటుకుంది. మా దాబా ఎక్కి రోకలిలోంచి చూస్తే భద్రాచలం గోపురం మీది పావురం కన్ను ఏ రంగులో ఉందో చెబుతానని బస్టాండులో అనేవాణ్ని. నిజానికి కనిపించేది మా ఊరి టెలిఫోను ఎక్స్చేంజి టవరు, దాని మీద కాకి. అశ్వారావుపేట దాటాక అడవిలో పులిని తీశానని చెప్పి ఒక ఫోటోను స్టూడియోలో వేలాడదీశాను. చారలు చూసి అందరూ నమ్మారు. అవి వెదురు పొద మీద పడ్డ ఎండ చారలు. అయితే ఒక బస్సు కండక్టరు ఆ ఫోటో ముందు చాలాసేపు నిలబడి, తోక కూడా కనిపిస్తోందని నలుగురికీ చూపించాడు. ఇక నేను కాదనడం మర్యాదగా ఉండదని ఊరుకున్నాను.

అలాగని ఆ లెన్సులు ఉత్త వేషాలకే అనుకోకండి. మా సంఘం పాస్టరుగారికి ఒక నియమం ఉండేది. ప్రార్థన మొదలైందంటే ఫోటోగ్రాఫరు చివరి వరుస దాటి ముందుకు రాకూడదు, ఫ్లాష్ వెలగకూడదు. మిగతా ఫోటోగ్రాఫర్లకు అక్కడి నుంచి వీపులు, కొప్పులు, కొప్పుల్లో మల్లెపూలు తప్ప ఏమీ దొరికేవి కావు. నాకు ముఖాలు దొరికేవి. చుట్టుపక్కల క్రైస్తవుల పెళ్లిళ్లు, ప్రధానాలు (అంటే నిశ్చితార్థాలు) నా చేతికి వచ్చాయంటే నా ప్రతిభ వల్ల కాదు, ఆ నియమం వల్ల.

మా ఆవిడకు మాత్రం అవన్నీ గొట్టాలే. ఆవిడ తప్పు లేదు. బియ్యం డ్రమ్ములో చెయ్యి పెడితే గొట్టం, దుప్పట్ల మధ్య గొట్టం, ఒకసారి పచ్చడి జాడీ అనుకుని మూత తీస్తే అందులో గొట్టం కన్ను తెరిచి ఆవిడనే చూసింది. దానికి తోడు మా వైపు వానల తేమకు లెన్సుల లోపల తెల్లగా బూజు పట్టేది, సాలెగూడు అల్లినట్టు. హైదరాబాదులో ఒక పాత మెకానిక్కును అడిగితే, 'ఎండ చూపియ్ అన్నా, చస్తది' అన్నాడు. ఎండ మా దగ్గర కొదవా? అందుకని ప్రతి వేసవిలోనూ ఆవిడ ఏడాది కారానికి మిరపకాయలు ఎండబెడితే, ఆ పక్కనే నేను లెన్సులు ఎండబెట్టేవాణ్ని. గోనెపట్టాల మీద ఎర్రగా కాయలు, మధ్యలో నల్లగా గొట్టాలు. వీధిలో వాళ్లు ఈయన వాటిని కూడా కారం పట్టిస్తాడేమో అని నవ్వుకునేవారు.

ఇలా ఉండగా మా మరదలికి సంబంధం కుదిరింది. మా అత్తగారు పోయాక ఆ పిల్ల మా ఇంట్లోనే పెరిగింది, భద్రాచలం అవతల ఆశ్రమ పాఠశాలలో టీచరు. అబ్బాయిది వైరా. అబ్బాయి బంగారం. అబ్బాయి తల్లి అక్కడి ప్రభుత్వ దవాఖానాలో నర్సుగా చేసి రిటైరయిన మనిషి. మాటలకని నేను వైరా వెళ్లినప్పుడే గమనించాను, ఎవరిని చూసినా జ్వరం ఎంతుందో లెక్కకట్టినట్టు చూస్తుంది కాబట్టి నేను ఆమెకు థర్మామీటరమ్మ అని పేరు పెట్టాను. పెట్టి ఊరుకున్నానా, మొదటిసారి వాళ్లు పిల్లను చూడటానికి వచ్చే ముందు ఆ పేరు మా మరదలి చెవిలో వేశాను. పాపం ఆ పిల్ల స్వతహాగా నవ్వు ఆగని మనిషి. ఎక్కడ నవ్వు తన్నుకొస్తుందోనని పెదవులు బిగించుకుని, తలెత్తకుండా, అడిగినదానికి తప్ప జవాబు చెప్పకుండా కూర్చుంది. ఫలితంగా వెళ్తూ వెళ్తూ థర్మామీటరమ్మ మా ఆవిడతో, "పిల్ల మంచిదే గానీ మనసు గట్టిదిలాగుంది. మూతి ఇప్పదేంది?" అనేసి బస్సెక్కింది. కొడుకు పట్టుబట్టబట్టి ప్రధానానికి ఒప్పుకుంది కానీ ఆ అనుమానం అలాగే ఉండిపోయింది. ప్రధానం రోజున ఏ చిన్న తేడా జరిగినా ఆమె లేచి వెళ్లిపోతుందని మా ఆవిడ భయం. అందుకే ఆ పొద్దున నన్ను వంటింట్లోకి పిలిచి తలుపు దగ్గరికి వేసింది.

"ఈ ఒక్కరోజు ఆ గొట్టాలతోని ఏం గోల తేకండి. ఆమె ముందర ఏమన్న అయిందో, అన్నీ పాత ఇనుప సామాన్ల బండికేస్త. మీరు అడ్డమొస్తే మిమ్మల్ని గూడ తూకానికేస్త."

నేను ఒట్టేశాను. మనస్ఫూర్తిగానే వేశాను.

దాబా మీద భోజనాలకు షామియానా వేయాలి కాబట్టి మిరపకాయల పట్టాలను పెరట్లోకి దింపమంది. దింపాను. రోకలిని కూడా దింపాను. ఆ పూట సొరకాయతో, అంటే రోకలికన్నా పొట్టిగా, బొద్దుగా ఉండే ఇంకో లెన్సుతో ఫోటోలు తీద్దామని రోకలికి సెలవిచ్చాను. సెలవు కదా, కాస్త ఎండైనా తాగనీ అని ముందూ వెనకా మూతలు తీసేశాను. కింద పెడితే దుమ్ము పడుతుందని బిందె కింద పెట్టే చుట్టకుదురు ఒకటి మిరపకాయల మీద పెట్టి, దాని మీద రోకలిని ఆకాశం వైపు నిలబెట్టాను. అప్పుడక్కడ గోడ నీడ ఉంది. చూడముచ్చటగా ఉంది. చిన్నప్పుడు భూతద్దంతో కాగితం కాల్చని వాడెవడూ ఉండడు, నేనూ కాల్చాను. కానీ ఆ సంగతి నాకు గుర్తుకు రాలేదు. భూతద్దం భూతద్దంలా ఉంటుంది, రోకలి రోకలిలా ఉంటుంది. పైగా ఆ కుదురు ఎత్తు, లెన్సు వెనక ఫిల్ము ఉండాల్సిన దూరం, రెండూ ఒకటేనని నాకెవరు చెప్పాలి? ఇంకో చిన్న విషయం. ఆ పట్టాలకు సరిగ్గా పైన, హాలు కిటికీకి కిరాయికి తెచ్చిన పెద్ద కూలరు బిగించి ఉంది. పెరట్లో గాలి పీల్చి హాల్లోకి వదలడం దాని ఉద్యోగం.

వైరా వాళ్లు వచ్చారు. హాలు నిండింది. థర్మామీటరమ్మకు వేడి తగలకూడదని మా ఆవిడ ఏరికోరి కూలరుకు ఎదురుగా ముందు వరుసలో కూర్చోబెట్టింది, పక్కన మా మరదలు. పాస్టరుగారు లేచి కళ్లు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టారు. సూర్యుడు గోడ దాటి నడినెత్తికి వచ్చాడు. నేను చివరి వరుస వెనక, గోడకు ఆనుకుని, సొరకాయను కంటికి పెట్టుకున్నాను.

మొదట థర్మామీటరమ్మ పక్కనున్న ముసలావిడ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. ఎంత భక్తి అనుకున్నాను. తరువాత అబ్బాయి మేనమామ కళ్లు తుడుచుకున్నాడు. తరువాత ఒక వరుస మొత్తం ముక్కులు ఎగబీల్చింది. కళ్లు మూసుకునే ఉన్న పాస్టరుగారికి జనం వెక్కిళ్లు వినిపించి, ఆయన గొంతులోకి కొత్త ఊపు వచ్చింది. ముగించబోయినవారు ముగించకుండా, ఆదాము అవ్వల దగ్గరి నుంచి మళ్లీ అందుకున్నారు. ఆయన ఎంత కరిగితే జనం అంత ఏడుస్తున్నారు, జనం ఎంత ఏడిస్తే ఆయన అంత కరుగుతున్నారు. అబ్బాయి పొలమారి దగ్గాడు, మేనమామ పొలమారాడు, ఆ ముసలావిడ దగ్గుల మధ్యలో, "అందర్నీ ఒక్కసారే ఎవరు తల్చుకుంటున్నరో తల్లీ" అంది. సరిగ్గా అప్పుడు ఆ ఘాటు చివరి వరుస దాకా నడిచి వచ్చి నా ముక్కులో దూరింది. ఖమ్మం జిల్లాలో పుట్టినవాడు ఆ వాసనను ఏమని పొరబడతాడు? గోనెపట్టా, మిరపకాయ, కుదురు, రోకలి, నడినెత్తి ఎండ, అన్నీ ఒకదాని వెంట ఒకటి నా కళ్ల ముందు నిలబడ్డాయి. వాటి వెనకాల పాత ఇనుప సామాన్ల బండి కూడా వచ్చి ఆగింది.

ఆ క్షణంలో మా మరదలు వెనక్కి తిరిగి చూసింది. సొరకాయలో ఆ పిల్ల ముఖం చేతికందేంత దగ్గరగా ఉంది. నా ముఖంలో ఏం కనిపించిందో ఏమో, నన్ను చిన్నప్పటి నుంచీ చూస్తున్న పిల్ల కదా, ఇది బావ పనేనని దానికి తెలిసిపోయింది. ఇన్నాళ్లూ బిగబట్టిన నవ్వంతా ఒక్కసారి బద్దలైంది. కళ్ల వెంట నీళ్లు ధారగా కారుతున్నాయి, పిల్ల పడీపడీ నవ్వుతోంది. నవ్వుతూనే పక్కకు తిరిగి, ఉక్కిరిబిక్కిరవుతున్న థర్మామీటరమ్మను దగ్గరికి తీసుకుని, కొత్త పట్టుచీర కొంగుతో ఆమె కళ్లు తుడిచింది, వీపు నిమిరింది. ఆమె తలెత్తి ఆ నవ్వే ముఖాన్ని చూసింది. కెమెరా ఠక్కుమంది.

నేను పెరట్లోకి పరుగెత్తాను. పట్టా మధ్యలో పళ్లెమంత నల్లటి మచ్చ పొగలు కక్కుతోంది. కుడితి తొట్టిలో నీళ్లు తెచ్చి పట్టా మీద, కాయల మీద, రోకలి మీద గుమ్మరించాను. ఊపిరి పీల్చుకుని వెనక్కి తిరిగితే థర్మామీటరమ్మ నిలబడి ఉంది.

"ఏంది నాయనా, ఏం కాలింది?"

"ఈసారి ఎండలు మామూలుగ లేవమ్మా. కాయలు వాటంతట అవే..."

"కడుపునొప్పని వచ్చి తాగింది దాచెటోళ్లను దవాఖానల రోజూ చూసిన. సక్కగ చెప్పు."

చెప్పాను. పులి సంగతి తప్ప అన్నీ చెప్పాను, ఆమెకు నేను పెట్టిన పేరుతో సహా. ఆమె నీళ్లోడుతున్న రోకలిని రెండు చేతులా ఎత్తి కంటికి కాస్త దూరంగా పట్టుకుని చూసింది. "కొబ్బరిచెట్టు తలకిందులైందేంది?" అంది. కెమెరాకు పెడితే సరిగ్గా కనిపిస్తుందని చెప్పాను. ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పుతూ వీధిలోని ఇళ్లన్నిటినీ తలకిందులు చేసుకుంటుండగా మా ఆవిడ వచ్చింది. నల్లటి మచ్చను చూసింది, నన్ను చూసింది, ఆమె చేతిలోని గొట్టాన్ని చూసింది. చెల్లెలి పెళ్లి అక్కడే, ఆ తడి మిరపకాయల మధ్య ఆగిపోయిందనుకుంది. నేనూ అదే అనుకున్నాను. తూకానికి సిద్ధపడ్డాను.

"మీ చెల్లె నవ్వుతదని నాకెవ్వరు చెప్పలేదేందమ్మా?" అంది థర్మామీటరమ్మ. "ఇంట్ల గిసోంటి మనిషిని పెట్టుకొని, ఆనాడు అంతసేపు నవ్వు ఆపుకున్నదంటే ఆ పిల్లకు ఎంత ఓర్పుండాలె. పెండ్లికి ఈయన్నే ఫోటోలు తియ్యమను. ఈ గొట్టం గూడ తెమ్మను." రోకలిని నా చేతిలో పెట్టి రెండడుగులు వేసి ఆగింది. "మూత పెట్టి తెమ్మను."

లోపల పాస్టరుగారి ప్రార్థన అప్పుడే ముగిసింది. గిట్ల కరిగిపోయిన సంఘాన్ని తన సేవలో ఎన్నడూ చూడలేదని ఆయన అందరి ముందూ అన్నారు. ఆయన్ను నిరుత్సాహపరచడానికి మాలో ఎవరికీ నోరు రాలేదు.

ఆ ఫోటో ఇప్పటికీ వైరాలో మా మరదలి ఇంటి గోడ మీద ఉంది. థర్మామీటరమ్మ పోయాక దాన్ని ఇంకాస్త పెద్దది చేయించి ఫ్రేము మార్చారు. కోడలు ఏడుస్తూ నవ్వుతోంది, అత్త దగ్గుతూ నవ్వుతోంది. ఆ క్షణం కోసం ఊపిరి బిగబట్టి కాచుకుని తీశానని అడిగిన వాళ్లకల్లా చెబుతుంటాను. ఊపిరి బిగబట్టింది నిజమే, ఘాటుకు. ఆగలేక దగ్గితే వేలు దానంతటదే బటను నొక్కింది. ఫోటో కొంచెం కదిలినట్టు ఉండటానికి కారణం అదే కానీ, చూసినవాళ్లు అది కన్నీళ్ల మెరుపు అంటారు. సరేనంటాను.

ఆ రోజు పోసిన నీళ్లకు రోకలికి పట్టిన బూజు మళ్లీ పోలేదు. నాకు కూడా పట్టింది. మొన్న ఖమ్మంలో కళ్ల డాక్టరు నా కంట్లోకి లైటు వేసి చూసి, "లోపల లెన్సు మసకబారింది పెద్దాయనా, మార్చాలి" అన్నాడు. సెకండ్ హ్యాండుది ఉంటే చూడండి, పాతవే గట్టివి అని నేను అన్నానని, డాక్టరు కుర్చీలోంచి పడబోయాడని బస్టాండులో చెప్పాను. నిజానికి నాకు భయంతో నోరు పెగల్లేదు. నా భుజం మీద చెయ్యి వేసి నిలబడ్డ మా ఆవిడే అడిగింది, చాలా గంభీరంగా: "ఎండల పెడితే పోదా సారూ?"

డాక్టరుకు అర్థం కాలేదు. తిరిగొచ్చేటప్పుడు బస్సులో ఆవిడ కిటికీ వైపు తిరిగి కూర్చుంది. వైరా దాటినా, ఆపుకున్న నవ్వుకు భుజాలు ఇంకా కదులుతూనే ఉన్నాయి. అంత దగ్గరి దానికి రోకలి అక్కర్లేదు, మసక కంటికే కనిపించింది.