బీరువాలాయన నొప్పి

ఇళ్ళు మారేవాళ్ళ సామాను మోసే ఆయన్ని అందరూ బీరువాలాయన అంటారు. బీరువా వీపుకెత్తుకున్నాడంటే మూడో అంతస్తు దాకా ఈల వేసుకుంటూ ఎక్కేస్తాడు. నొప్పల్లా తెల్లవారుజామున, హాయిగా పడుకున్నప్పుడే. గుండెను ఎవరో పిండేస్తున్నట్టుందని పిడికిలి బిగించి చూపిస్తాడు. "మోసేటప్పుడు రాని నొప్పి సరిగ్గా నేను నీళ్ళు పట్టమనే వేళకే వస్తుందేం?" అని భార్య దెప్పేది. ఆస్పత్రిలో ట్రెడ్‌మిల్ మీద పరిగెత్తిస్తే ఆయనకి చెమటైనా పట్టలేదు. ఆవిడే గెలిచింది.

కొత్త డాక్టరమ్మ మాత్రం నమ్మింది. గుండె రక్తనాళంలోకి సన్నటి గొట్టం పంపి, నొప్పిని రప్పించి చూద్దామని నాళాన్ని బిగించే మందు వదిలింది. తెర మీద నాళం దారమంత అయింది, నొప్పితో మెలికలు తిరుగుతూనే ఆయన మొహం చేటంత అయింది. "ఇదేనమ్మా, ఈ నొప్పే! ముందు మా ఆవిణ్ణి పిలిచి చూపించండి, తగ్గే మందు తర్వాత ఇద్దురుగాని!" డాక్టరమ్మ ఆగలేదు. మందు పడగానే నాళం విచ్చుకుంది. రికార్డయిన బొమ్మను భార్య తర్వాత చూసింది. సిగరెట్లే దీన్ని రెచ్చగొడతాయని డాక్టరమ్మ అనడం ఆలస్యం, ఆవిడ ఆయన జేబులోని పెట్టె లాగి చెత్తబుట్టలో పడేసింది. రోజూ మాత్రలు వేసుకుంటున్నాక నొప్పి ఇంచుమించు రావడమే లేదు. అయినా తెల్లవారుజామున ఆయన పక్కకి ఒత్తిగిల్లితే చాలు, నిద్రలోనే ఆవిడ చెయ్యి నాలుక కింద పెట్టే మాత్రల కోసం దిండు కింద వెతుకుతుంది.