జహంగీర్ ఎగరేసిన విమానం

ఆదోని జిన్నింగు మిల్లులో ఆయిలింజను నడిపే జహంగీర్‌ను చూసిన వాళ్ళెవరూ అతనికి ఆటలంటే ఇష్టమని అనుకోరు. నలభై దాటిన మనిషి. మాట తక్కువ. పత్తి దుమ్ముకు కళ్ళెప్పుడూ ఎర్రగా ఉండేవి. పుట్టిన పిల్లలు దక్కకపోవడంతో ఇంట్లో అతనూ, భార్య హసన్‌బీ ఇద్దరే. మిల్లు నుంచి రాగానే గడప పక్కన గోనెపట్టా పరుచుకుని వెదురు బద్దలు చెక్కుతూ కూర్చునేవాడు. ఆమె పొయ్యి దగ్గర నుంచి అతని చేతులనే చూస్తూ ఉండేది.

ఆ పిచ్చి అతనికి యుద్ధకాలంలో పట్టుకుంది. అప్పట్లో బళ్ళారి విమానాల మైదానంలో ఇంజన్లు కడిగే కూలీగా ఉన్నాడు. అక్కడొక తెల్ల సార్జెంటు సెలవు రోజుల్లో మూరెడు పొడవున్న బొమ్మ విమానాన్ని ఎగరేసేవాడు. యుద్ధం ముగిశాక తన దేశానికి వెళ్ళిపోతూ, పిడికిట్లో పట్టే ఒక ఇంజనును జహంగీర్ చేతిలో పెట్టి వెళ్ళాడు. దానికి ఈథరు, కిరసనాయిలు, ఆముదం కలిపి పోయాలి. ముందుండే పంకాను వేలితో బలంగా తిప్పితే కందిరీగల తుట్టె కదిలినట్టు మోత పెట్టేది. ఆ వాసన రోజంతా జహంగీర్ చొక్కాకు అంటుకుని ఉండేది. హసన్‌బీ దానికి అలవాటు పడిపోయింది.

మొదట్లో విమానానికి సన్నని తీగలు కట్టి, తాను నడుమ నిలబడి, చుట్టూ తిప్పుకునేవాడు. కళ్ళు తిరిగేవి. పైగా అది గుంజకు కట్టిన దూడలా అక్కడక్కడే తిరుగుతుంటే చూడలేకపోయేవాడు. తీగ లేకుండా వదిలితే ఎటు పోతుందో తెలియదు. ఆ చిక్కు తీర్చింది ఎల్లప్ప.

ఎల్లప్ప సైన్యంలో వైర్‌లెస్ పని చేసి వచ్చి, ఎమ్మిగనూరులో రేడియోలు బాగుచేసే అంగడి పెట్టుకున్నవాడు. మిల్లు యజమాని రేడియో బాగుచేయడానికి ఆదోనికి వచ్చి, ఇంజను గదిలో కిటికీకి వేలాడుతున్న విమానాన్ని చూశాడు. ఆ పూట అతను తిరుగు బస్సు ఎక్కలేదు. కింద నిలబడి మీట నొక్కితే పైన విమానం తోక కదిలేలా చేయవచ్చని, అలాంటివి తెల్లవాళ్ళ దేశంలో చేస్తున్నారని చెప్పాడు. జహంగీర్ అతన్ని ఇంటికి తీసుకుపోయి అన్నం పెట్టించాడు.

కర్నూలు రాజధాని అయిన మరుసటి ఏడు వాళ్ళ విమానం తయారైంది. రెక్కలకు వెదురు, ఒంటికి తేలికైన బూరుగు కొయ్య. పైన తొడిగిన పల్చని బట్ట ఎమ్మిగనూరు మగ్గాల మీద నేసింది. హసన్‌బీ దానికి గంజి పెట్టి, ముడత లేకుండా లాగి అతికించింది. విమానం కడుపులో ఎల్లప్ప కూర్చిన చిన్న రేడియో పెట్టె. కింద ఎల్లప్ప చేతిలో ఇంకో పెట్టె, దానికి ఏరియల్ కడ్డీ, ఒక మీట. ఒకసారి నొక్కితే విమానం ఎడమకు తిరిగేది, మళ్ళీ నొక్కితే కుడికి. వదిలేస్తే నేరుగా పోయేది. నూనె అయిపోయాక ఇంజను ఆగి, గాలిలో తేలుతూ దిగేది.

ఆదివారం ఎల్లప్ప మొదటి బస్సుకు వచ్చేవాడు. ఇద్దరూ సైకిలు మీద ఆలూరు దారిలో ఉన్న బీడు నేలకు పోయేవాళ్ళు. తాము చేసిన వస్తువు తమ మాట విని అంత ఎత్తున తిరుగుతుంటే జహంగీర్ ముఖం మారిపోయేది. నోరు కొంచెం తెరుచుకుని, మెడ నొప్పి పుట్టేదాకా పైకే చూసేవాడు. అతను అంత సంతోషంగా ఉండగా చూసినవాడు తానొక్కడేనని ఎల్లప్ప తర్వాత చాలామందితో అన్నాడు.

బీడుకు ఆనుకుని పత్తి చేలు. పత్తి తీసే కూలీల్లో సుంకమ్మ అనే ఆమె ఉండేది. విమానం మోత వినబడగానే మిగతావాళ్ళు తల వంచుకుని పని చేసుకుంటున్నా, ఆమె మాత్రం నడుము నిలబెట్టి చూసేది. అందులో ఎవరైనా కూర్చుని ఉన్నారా అని ఒకసారి గట్టు దాకా వచ్చి అడిగింది. లేరని జహంగీర్ చెబితే నమ్మలేదు. దగ్గరికి పిలిచి చూపించాడు. బట్ట రెక్కను వేలితో తాకి, నవ్వి, చేలోకి వెళ్ళిపోయింది.

పత్తి తీత చివరికొచ్చిన ఒక ఆదివారం అది జరిగింది. ఆ పూట అప్పటికే మూడు నాలుగు సార్లు ఎగరేశారు. ఎల్లప్ప పెట్టెను కింద పెట్టేసి బట్టలు దులుపుకున్నాడు.

"బ్యాటరీ తగ్గిపోతాంది జహంగీరన్నా. ఇంక సాలు."

"ఇంకొక్క సుట్టు ఎల్లప్పా. గాలి బాగుంది," అన్నాడు జహంగీర్.

ఎల్లప్ప కాదనలేదు. విమానం లేచింది. ఒకసారి తిరిగింది. తర్వాత మీట నొక్కినా తోక కదల్లేదు. ఎల్లప్ప పెట్టెను తలకు మించి ఎత్తి పట్టుకుని, విమానం వెంట పరిగెడుతూ నొక్కుతూనే ఉన్నాడు. అది ఒక పక్కకు ఒరిగి, పత్తి చేను మీదికి వాలుతూ పోయింది. జహంగీర్ కేకలు వేశాడు. ఇంజను మోతలో అవి ఎవరికీ వినపడలేదు. సుంకమ్మ అలవాటు ప్రకారం నడుము నిలబెట్టి చూస్తోంది. తన వైపే వస్తోందని ఆమెకు తెలిసేలోపు పంకా ముఖానికి తగిలింది.

ఆమెను బండిలో ఆదోని ఆసుపత్రికి తెచ్చారు. జహంగీర్ తన తలగుడ్డ విప్పి గాయానికి అదిమిపట్టి, బండి పక్కనే నడిచాడు. ఒకసారి వెనక్కి తిరిగి చూస్తే, ఎల్లప్ప చేలో మోకాళ్ళ మీద కూర్చుని, విరిగిన విమానం లోంచి రేడియో పెట్టెను పైకి తీస్తున్నాడు. అది జహంగీర్ మనసులో ముల్లులా దిగింది.

కుడికన్ను పోయింది. ఎడమ కన్నయినా దక్కినందుకు సంతోషించమని డాక్టరు చెప్పాడు. సుంకమ్మ భర్త తిమ్మన్న సాయంత్రానికి వచ్చాడు. అతను తిడతాడని, కొడతాడని జహంగీర్ ఆసుపత్రి వసారాలో నిలబడి ఎదురుచూశాడు. కొడితే బాగుండునని కూడా అనుకున్నాడు. తిమ్మన్న లోపల భార్యను చూసి వచ్చి, అతని ముందు కూర్చున్నాడు.

"ఏమిటికి సాబూ అది? దేనికి పనికొస్తాది?" అని అడిగాడు.

కోపంగా అడగలేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు. దేనికీ పనికిరాదని జహంగీర్‌కు తెలుసు.

ఆ తర్వాత ఎల్లప్ప రెండుసార్లు ఆదోని వచ్చాడు. జహంగీర్ ఇంట్లో ఉండి కూడా లేనని చెప్పించాడు. మూడోసారి అతను రాలేదు.

జహంగీర్ వారం వారం సుంకమ్మ ఊరికి పోయేవాడు. మందో, ఖర్జూరాలో, చీర ముక్కో తీసుకుపోయి గడప దగ్గర పెట్టి, ఒక పక్కన కూర్చునేవాడు. వానలు మొదలయ్యాక ఒకరోజు సుంకమ్మే బయటికి వచ్చింది.

"నువ్వు రావద్దు సాబూ," అంది. "నువ్వొచ్చిన దినమంతా ఊరు మల్లా నా మొగం సూస్తాది. రాకుంటే మరిసిపోతారు. నేనూ మరిసిపోతా."

అతను అలాగే లేచి వచ్చేశాడు. మళ్ళీ ఆ దారిన పోలేదు. ఇంట్లో వెదురు బద్దలు పొయ్యిలోకి పోయాయి. హసన్‌బీ ఏదైనా అడిగితే ఊఁ అనేవాడు, ఒక్కోసారి అదీ లేదు.

మరుసటి ఏడు వానలు ఎగ్గొట్టాయి. పత్తి కాలం వచ్చేసరికి చేలల్లో పని లేక, సుంకమ్మ ఊరి ఆడవాళ్ళతో పాటు మిల్లుకే పనికి వచ్చింది. పత్తిలో పుల్లలు, చెత్త ఏరే పని. జహంగీర్ ఆమెను చూసి ఇంజను గదిలోంచి బయటికి రావడం మానేశాడు. మంచినీళ్ళకు కూడా ఇంకొకరిని పంపేవాడు. అలా కొన్నాళ్ళు గడిచాక ఒక మధ్యాహ్నం ఆమే గది వాకిట్లోకి వచ్చి నిలబడింది.

"ఇప్పుడు ఎగరేసేది లేదా?"

లేదని తల ఊపాడు.

"నేను సూసేదానికే నిలబడింటి ఆ పొద్దు. బాగుంటాండె సూసేదానికి," అంది. కొంగుతో ముఖం తుడుచుకుని, తన గంప దగ్గరికి వెళ్ళిపోయింది.

ఆ మాటకు గుండె బరువు దిగాలి. అతనికి దిగలేదు. ఆమె తనను తిట్టి ఉంటే సర్దుకునేవాడినని, చూడటానికి బాగుండేదని ఆమె చెప్పడంతో ఇంక తట్టుకోలేకపోతున్నానని ఆ సాయంత్రం హసన్‌బీతో అన్నాడు. చాలా నెలల తర్వాత అతను భార్యతో మాట్లాడింది అదే. ఆమె రెండు రోజులు ఆలోచించి, ఎవరి చేతో ఎల్లప్పకు కబురు పంపింది.

అప్పటికి తుంగభద్ర కాలువకు నీళ్ళు వచ్చాయి. ఎల్లప్ప బస్సు దిగి, గుడ్డ కప్పిన వస్తువును చంకలో పెట్టుకుని నేరుగా ఇంటికి వచ్చాడు. అది పడవ. పొడవు చేతికర్రలో సగం ఉంటుంది. నీలం రంగు వేశాడు. ఆ రోజు రేడియో పెట్టె ఎందుకు తీశాడో తనకే తెలియదని, చేతులు తమకు తెలిసిన పని చేశాయని చెప్పాడు. జహంగీర్ విన్నాడు. నమ్మాడు కూడా. హసన్‌బీ ఇద్దరికీ టీ ఇచ్చి, పోయి రమ్మంది.

కాలువ గట్టు మీద ఎండ తగ్గుముఖం పట్టింది. ఎల్లప్ప పడవను నీళ్ళలో దింపి, అటు తిప్పి, ఇటు తిప్పి చూపించాడు. అది తెల్లని గీత గీసుకుంటూ ఎదురు నీటికి పోయి, చెప్పినట్టు వెనక్కి వచ్చింది. తర్వాత పెట్టెను జహంగీర్ చేతికిచ్చాడు. జహంగీర్ మీట నొక్కాడు. పడవ ఎడమకు తిరిగింది. మళ్ళీ నొక్కాడు. కుడికి తిరిగింది. కానీ అతను పడవను చూడటం లేదు. దూరంగా వంపు దగ్గర బట్టలు ఉతుకుతున్న ఆడవాళ్ళను చూస్తున్నాడు. వాళ్ళెంత దూరమో, నీటి వేగం ఎంతో లెక్కలు వేస్తున్నాడు. అతని బొటనవేలు మీట మీద బిగుసుకుపోయింది.

ఎల్లప్ప అది గమనించాడు. "నీళ్ళ మీద పడవన్నా. ఎవురికి తగుల్తాది?"

"తగల్దు. తెలుసు నాకు," అన్నాడు జహంగీర్. "పట్టుకో."

పెట్టెను అతని చేతిలో పెట్టి గట్టు మీద కూర్చున్నాడు. ఎల్లప్ప పడవను ఒడ్డుకు తెచ్చి, నీళ్ళు వంపి, గుడ్డలో చుట్టాడు. మళ్ళీ ఆదివారం వస్తానని అతనూ అనలేదు, రమ్మని ఇతనూ అనలేదు. బస్సు దాకా కలిసి నడిచారు. ఎమ్మిగనూరులో నేత పని ఎలా ఉందో, వానలు ఎలా ఉన్నాయో మాట్లాడుకున్నారు. బస్సు కదిలాక ఎల్లప్ప కిటికీలోంచి చెయ్యి ఎత్తాడు. జహంగీర్ కూడా ఎత్తాడు.

ఇంటికి వచ్చేసరికి హసన్‌బీ రొట్టెలు చేస్తోంది. ఎలా ఉందని అడిగింది. పడవ బాగా చేశాడని, రంగు కూడా బాగుందని చెప్పి, కాళ్ళు కడుక్కుని కూర్చున్నాడు. ఆమె అతని ముఖంలోకి చూసి, పళ్ళెం ముందు పెట్టింది.