ఎర్రటి నికెల్ పొడి, చేపల వాసన

మా ఇంట్లో చేప వండడం అటుంచి, భోజనాల వేళ దాని మాట కూడా ఎత్తరు. అలాంటి ఇంట్లోకి నేను పరిశోధన పేరుతో రోజూ సాయంత్రం చేపల వాసన మోసుకొచ్చేదాన్ని. డెబ్బైల నాటి మాట. నికెల్ లవణానికి చేపల కంపు కొట్టే ఎమీన్ అనే ద్రవాన్నీ సోడియం నైట్రైట్‌నీ కలిపి ఎర్రటి పొడి తయారుచేయడం నా పని. అందులో నైట్రో సమూహం నైట్రోజన్ వైపు నుంచి నికెల్‌ని పట్టుకుని ఉంటుంది. వేడి చేస్తే అదే సమూహం పక్కకి తిరిగి ఆక్సిజన్ వైపు నుంచి పట్టుకుంటుంది, పొడి నీలమైపోతుంది. పరమాణువులు అవే, పట్టు మారిందంతే. ఇంత ముచ్చటైన సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పుకోలేకపోయాను. వాళ్లదాకా వచ్చింది ఎమీన్ కంపు ఒక్కటే.

ఒకరోజు మా అవ్వ నా పైట చెంగు పట్టుకుని వాసన చూసింది.

"ఇది ఆడేడో చేపలు తినొస్తా ఉంది. సదువు నిలిపెయ్‌రా" అని నాయనతో అంది.

చింతాద్రిపేటలో మా వీధికి చేపల అంగడి ఎంతో దూరం కాదు కాబట్టి ఆవిడ అనుమానం ఇంకా బలపడింది. ఒట్టు పెట్టినా వినలేదు. తలంటుకుని చీర మార్చుకున్నా నా కంచం విడిగానే పెట్టింది. నిజంగానే తిన్నదానిలా తల వంచుకుని తినేదాన్ని. నా చదువు ఇక నాయన మాట మీద ఆధారపడి ఉంది.

ఆయన పప్పుల మండీ మూసి, సంగతి తేల్చుకోవడానికి మధ్యాహ్నం మా లాబ్‌కే వచ్చేశాడు. నుదుట నామం, మోకాళ్ల దాకా ఎగగట్టిన పంచె.

"ఏమ్మా, ఆ కంపు కొట్టే సీసా ఏది?" అన్నాడు, మండీలో బేరమాడే గొంతుతో.

తోటి విద్యార్థులు, అందరూ తమిళులే, తలలెత్తి చూశారు. వాళ్ల చెవిన మా ఇంటి తెలుగు పడడం అదే మొదలు. నేను తమిళంలో జవాబిచ్చాను. నాయన నా ముఖం చూసి, తనూ తమిళంలోకి మారిపోయాడు. సీసా మూత తీస్తే, వద్దంటున్నా వంగి గట్టిగా పీల్చాడు. దగ్గు తెరలు తెరలుగా వచ్చింది, కళ్లనీళ్లు కారాయి. ఎవరో కిసుక్కుమన్నారు. సిగ్గుతో చచ్చిపోయాను.

కళ్లు తుడుచుకుని, బల్ల మీది ఎర్రపొడి చూపించి, నువ్వు చేసింది ఇదేనా అని అడిగాడు. ఊఁ అన్నాను. ఓవెన్ పక్కనే ఉంది, కాస్త వేడిచేసి నీలంగా మార్చి చూపించవచ్చు. ఎంతో సంతోషించేవాడు. నాకు మాత్రం ఆయన ఎప్పుడెప్పుడు బయటికి వెళతాడా అని ఉంది.

సాయంత్రం దాకా గేటు దగ్గిర కూర్చుని నన్ను వెంటబెట్టుకుని బయల్దేరాడు. బస్ స్టాపులో నేను ఆయనకి ఎడంగా, ఎవరికీ ఏమీ కానిదానిలా నిలబడ్డాను.

కాసేపు చూసి నాయన అన్నాడు. "నీ మీద వాసనొస్తుందని ఆడ నిలబడినావా? ఈడికి రా అమ్మా. నాకేమీ లేదు. అవ్వకి నేను చెప్తాలే, నువ్వు సదువుకో."

వెళ్లి పక్కన నిలబడ్డాను. వెళ్లే ముందు, మా లాబ్ వాళ్లెవరైనా చూస్తున్నారేమోనని ఒకసారి వెనక్కి తిరిగి చూసుకున్నాను.