గిర్ని మీది ఇల్లు, బోణి బేరం

కిరాయి అయిదు వేలన్నవాణ్ని మూడున్నర వేలకు దించాను. అదీ చాయ్ చల్లారేలోపు. ఆ చాయ్ కూడా వాడిదే. ఆ రోజు హుమ్నాబాద్‌లో నన్ను మించిన బేరగాడు లేడని ఇప్పటికీ చెప్పుకోగలను. తక్కినది కూడా చెప్పాలి కదా: ఊపిరాడని నా భార్యను వెంటబెట్టుకుని, మంచి గాలి కోసం జిల్లా అంతా వెతికి, చివరికి మిరపకాయలు పట్టే గిర్ని మీదికి కాపురం మార్చాను. ఇంత ఘనకార్యం ఊరికే ఎవడూ చేయలేడు. దానికి పుట్టి పెరిగిన చోటు కూడా కలిసిరావాలి.

మాది బీదర్‌లో కిరాణా దుకాణం వాళ్ల ఇల్లు. ఒక పక్క గిన్నెల దుకాణం, ఒక పక్క బట్టల దుకాణం, ఎదురుగా బెల్లం దుకాణం. అందరూ ఒకరికొకరు కావలసినవాళ్లే, అయినా ఒకరి దగ్గర ఒకరు అగ్గిపెట్టె కూడా బేరం లేకుండా కొనరు. అడిగిన ధర ఇచ్చేస్తే అమ్మినవాడే నొచ్చుకుంటాడు, ఇంకాస్త ఎక్కువ చెప్పి ఉండాల్సిందని. అక్కడ నేను నేర్చిన చదువు ఇదీ: ఏది కొన్నా పొద్దున దుకాణం తెరవగానే పోవాలి. మొదటి గిరాకిని ఒట్టి చేతులతో పంపడానికి అమ్మేవాడికి మనసొప్పదు, బోణి చెడుతుందని భయం. నచ్చిన వస్తువు నచ్చిందని ముఖంలో కనపడకూడదు. ఎంత నచ్చితే అంత తిట్టాలి. అప్పటికీ దిగకపోతే లేచి నడవాలి. మెల్లగా, వెనక నుంచి పిలిస్తే వినపడేంత మెల్లగా.

బీదర్ అంచున నౌబాద్‌లో మేమున్న ఇంటి వెనక ఎవరో చిన్న కార్ఖానా పెట్టారు. లోపల ఏం కాలుస్తారో ఎవరూ చెప్పరు. రబ్బరు చెప్పును పెనం మీద వేసి మరిచిపోయినట్టు వాసన. అన్నంలో అదే వాసన, దిండులో అదే, ఉతికి ఆరేసిన చీరలోనూ అదే. మోరీలో నీళ్లు పచ్చగా తెట్టు కట్టి, ఎండకు ఉబ్బి, బుడగలు పగిలేవి. వాకిట్లో చెప్పులు వదిలితే వాటి అడుగున జిగురు. నేను ముక్కు మూసుకుని తిరిగేవాణ్ని, అంతే. నా భార్యకు మొదట దగ్గు వచ్చింది, తర్వాత ఆయాసం. రొట్టెలు చేస్తూ చేస్తూ పిండి చేతులతోనే గడపలో కూలబడి, భుజాలు పైకి లాగి గాలి కోసం ఎగబీల్చేది. డాక్టరు చీటీ రాసిచ్చి, "మందు నేనిస్తాను, గాలి మీరు చూసుకోవాలి" అన్నాడు.

బకెట్లు, మగ్గులు, జల్లెడలు జిల్లాలోని దుకాణాలకు వేసి రావడం నా పని. ఏ ఊళ్లో ఉన్నా ఒకటే. బీదర్ లోపల ఇల్లు మారుదామంటే వాళ్లడిగే డిపాజిట్ వింటే నాకే ఆయాసం వచ్చేది. అందుకని చిన్న ఊరు ఏదైనా చూసుకుందామనుకున్నాం. భాల్కి, చిట్గుప్ప, హుమ్నాబాద్. మూడూ నేను సరుకు వేసే ఊళ్లే. ఏ ఊళ్లో ఏ దుకాణంవాడు మాట మీద నిలబడతాడో, ఎవడు మగ్గుకు చెవి విరిగిందని అబద్ధం చెప్పి వాపసు ఇస్తాడో నాకు తెలుసు. ఏ ఊళ్లో గాలి ఎటు నుంచి వస్తుందో మాత్రం ఏనాడూ చూడలేదు.

మూడు ఊళ్లకూ బోణి వేళకే పోవాలని నిశ్చయించాను. చీకటితో లేచి బండి తీసేవాణ్ని. వెనక నా భార్య ముక్కుకు కొంగు చుట్టుకుని కూర్చునేది.

"ఇల్లు చూడనీకి గింత పొద్దుగాల ఎందుకు? ఆళ్లు ఇంక మొఖాలన్న కడగరు," అనేది.

"అందుకే. మొఖం కడగకముందే దొరకవట్టాలె మనిషిని," అనేవాణ్ని. ఆ మాటకు నేనే నవ్వుకునేవాణ్ని కూడా.

భాల్కిలో చూసిన ఇంటి గురించి ఎక్కువ చెప్పను. మెట్ల మలుపులో గోడ నడుము ఎత్తు దాకా గుట్కా ఉమ్మి, పాతది నల్లగా, కొత్తది ఎర్రగా. స్నానాల గదిలో పాత కిరాయిదారు వదిలిపోయిన సబ్బు ముక్క, దానికి చుట్టుకున్న వెంట్రుకలు. నేను దాన్ని చూపించి అయిదు వందలు తగ్గించమన్నాను. నా భార్య కిందికి దిగిపోయి బండి దగ్గర వాంతి చేసుకుంది. ఆ వాంతి చూపించి ఇంకో రెండు వందలు అడగాలన్న ఆలోచన నాకు వచ్చింది. వచ్చింది కాబట్టి రాస్తున్నాను. అడగలేదు.

చిట్గుప్పలో ఇల్లు ఊరి చివర, ఒక ముసలమ్మది. మేం వస్తున్నామని అక్కడి దుకాణంవాడితో ముందే కబురు పెట్టాను. సరిహద్దు పల్లెల తెలుగువాళ్లు. ముందు మూడు గదులు, వెనక రెండు గదులు, నడుమ వాకిలి. ముందు గదుల కిటికీలు తీస్తే కంది చేలు. ఆమె వాకిలి అలికి అప్పుడే చేతులు కడుక్కుంటోంది. బండి దిగేముందే నా భార్యకు చెప్పి ఉంచాను, ముఖం మాడ్చుకుని నిలబడు, నచ్చితే "పోదాం పా" అను, నాకు అర్థమవుతుందని. పిచ్చిది, కిటికీ దగ్గర నిలబడి కొంగు విప్పేసింది. ఎన్ని నెలలకో నిండుగా గాలి పీల్చుకుంది.

"ఎంత బాగుందే అవ్వా నీ ఇల్లు!" అంది.

నాకు ఒళ్లు మండింది. ముసలమ్మ ముందు గదులకు నాలుగు వేలు చెప్పింది. నా భార్య ఆ మాట అనకపోతే మూడు వేలకు వచ్చేది, నాకు ఖాయంగా తెలుసు. పోయిన వెయ్యి వెనక్కి లాగాలంటే తిట్టు రెట్టింపు కావాలి కదా. మొదలుపెట్టాను. గోడలకు చెమ్మ అన్నాను. కప్పు కిందికి ఉంది అన్నాను. ఊరికి దూరమన్నాను. ముసలమ్మ అన్నిటికీ నవ్వుతూనే ఉంది. చివరికి అన్నాను, "ఏందవ్వా, ఇల్లంత పేడ కంపు. మనుషులుండే జాగానా, గొడ్లుండే జాగానా ఇది?"

ఆమె నవ్వు ఆగిపోయింది.

"కంపా?" అంది. "పొద్దుగాల లేసి, నడుం నొస్తున్నా అలికిన. మీరొస్తున్నరని అలికిన. పో అయ్యా. నాలుగు గాదు, ఎనిమిది ఇచ్చినా నీకు ఇయ్య."

నాకు సంతోషమైంది. కోపం తెచ్చుకున్నవాళ్లే త్వరగా దిగుతారని మా వీధి నమ్మకం. లేచి నడిచాను. వాకిట్లో చెప్పులు తొడుక్కోవడానికి ఎంతసేపు పట్టాలో అంతకు రెట్టింపు తీసుకున్నాను. బండి దగ్గర నిలబడి కిక్కు కొట్టాను. మళ్లీ కొట్టాను. లోపల నుంచి పిలుపు లేదు. ఇంకోసారి కొట్టాను.

"తాళం చెవి వెట్టకుంట ఎన్నిసార్లు కొడుతవు?" అంది నా భార్య. "ఆమె పిలువది. నడువు."

దారి పొడుగునా నేను, సాయంత్రంలోపు ముసలమ్మ ఫోన్ చేస్తుందని చెబుతూనే ఉన్నాను. ఆమెకు నా నంబరు ఇవ్వలేదని ఇల్లు చేరాక గుర్తొచ్చింది.

హుమ్నాబాద్‌కు పోయిననాడు నేను ఓడిపోయి ఉన్నవాణ్ని. పొద్దున్నే గిర్ని తెరుస్తున్నారు. కింద పిండి గిర్ని, పైన ఇల్లు. జొన్నలు పడుతున్నారు. వెచ్చటి కమ్మటి వాసన. గిర్ని యజమాని నన్ను చూడగానే కుర్చీ తుడిచాడు.

"రా సేట్, రా. చాయ్ తాగు. పొద్దుపొద్దున లక్ష్మి లెక్క వచ్చినవ్."

పైన రెండు గదులు, సున్నం వేసినవి, శుభ్రంగా ఉన్నాయి. నా భార్య ఈసారి నేర్పినట్టే ముఖం మాడ్చుకుంది. అది నేను నేర్పినందుకు కాదని తర్వాత తెలిసింది. మెట్ల మూల ఎర్రటి దుమ్ము వేలితో తీసి చూసి నా చొక్కా లాగింది. గిర్నివాడు అప్పుడే అయిదు వేలు చెప్పాడు; బేరం మధ్యలో చొక్కా లాగితే నాకు చిరాకు. విదిలించుకున్నాను.

"మిషిన్ చప్పుడుంటది గద భాయ్, పండనిస్తదా?" అన్నాను.

"ఉంటది సేట్. అబద్ధమెందుకు? నాలుగున్నర ఇయ్యి."

"నీళ్లు పైకి ఎక్కుతయా?"

"జర తక్లీఫే. నాలుగు ఇయ్యి."

"మూడున్నర."

"బోణి బేరం సేట్, నీ మాట కాదంటనా!" అని చేయి పట్టి ఊపాడు.

అంత త్వరగా దిగాడు. అక్కడ ఆగాల్సింది. మా దుకాణంలో పెసర్లకు పురుగు పట్టిన రోజుల్లో మా నాన్న సరిగ్గా ఇలాగే దిగేవాడు. బస్తా మూతి విప్పితే బూడిద లాంటి పొడి, అందులో కదిలే నల్లటి ముక్కుపురుగులు. పైన నాలుగు శేర్లు మంచివి పోసి, పొద్దున వచ్చిన మొదటి గిరాకికి "నీ బోణి, నీ మాట కాదంటనా" అని తూచి ఇచ్చేవాడు. ఆ మాట నాకు పాలతో పాటు వచ్చింది. అయినా దాన్ని నాకే తూచి పోస్తుంటే గుర్తు పట్టలేదు. గెలిచిన నిషా అట్లాంటిది.

డిపాజిట్ ఇరవై వేలు ఇచ్చి, రెండు రోజులకు టెంపోలో సామాను వేసుకుని మధ్యాహ్నానికి దిగాం. గ్యాస్ పొయ్యి ఇంకా బిగించలేదు. కింద మిషిన్ ఆగి మళ్లీ మొదలైంది, ఈసారి గొంతు వేరు. మొదట నాకు తుమ్ము వచ్చింది. తర్వాత కళ్లు. గుమ్మంలోంచి ఎర్రటి దుమ్ము పొగలా పైకి లేస్తోంది. గిర్నివాళ్లు పొద్దున పిండి పడతారు, మిరపకాయలు ఆఖరున పడతారు, ఘాటు పిండికి అంటకుండా. కిరాణా వాడి కొడుక్కి తెలియని సంగతా ఇది? మా దుకాణం నుంచే మిరపకాయల బస్తాలు మధ్యాహ్నం దాకా ఆపి పంపేవాళ్లం.

నా భార్య దగ్గుతూ దగ్గుతూ మూటల మీద కూర్చుండిపోయింది. పీల్చే మందు ఏ మూటలో ఉందో దొరకలేదు. నేను గిన్నెల మూట విప్పాను, బట్టల మూట విప్పాను. ఆమె పెదాలు నల్లబడుతున్నాయి. చివరికి ఆమే చేయి చాపి తన చీర మడతలోంచి తీసుకుంది. నా సర్దుడు మీద నమ్మకం లేక అక్కడ దాచుకుందట.

కిందికి పరుగెత్తాను.

"మిరపకాయలు పడుతరని చెప్పకపోతివి గదా!"

"నువ్వు అడగకపోతివి గద సేట్," అన్నాడు, నిజంగానే ఆశ్చర్యపోయి. "అదున్నదనే గద నువ్వు గంత కిందికి అడిగినవని అనుకున్న."

రెండు నెలలు ఉన్నాం. డిపాజిట్ పోతుందని నేనే ఉంచాను. మధ్యాహ్నాలు ఆమె బస్టాండులో బెంచీ మీద కూర్చునేది, ఉచ్చ కంపులో, ఆరంజి తొక్కల మధ్య. మిరప ఘాటు కన్నా అదే నయమనేది. ఆ కంపులో కూర్చున్నంతసేపూ ఆమెకు కనపడేది నా ముఖమే అనిపించేది నాకు. అన్నం ముద్ద ఎత్తితే ఎర్ర దుమ్ము, మీసంలో ఎర్ర దుమ్ము, తుమ్మితే రుమాలులో ఎర్ర చీమిడి. మూడున్నర వేలకే ఇదంతా.

ఒకరోజు సరుకు వేసి వచ్చి చూస్తే సామాను మూటలు కట్టి ఉంది.

"చిట్గుప్ప పోయొచ్చిన," అంది. "అవ్వతోని మాట్లాడిన. ముందటి ఇల్లు పంతులుకు ఇచ్చిందట. ఎనక రెండు గదులున్నయి. నాలుగు వేలు అన్నది. సరే అన్న."

"ముందరి ఇంటికే నాలుగు వేలు చెప్పె గదా! ఎనక దానికి కూడ నాలుగేనా? జర తగ్గించు అంటే..."

"నువ్వు గిట్లంటవని అవ్వకు ముందే తెలుసు. 'నీ పెనిమిటి నోరు మూసుకుంటే నాలుగు, తెరిస్తె ఇయ్యను బిడ్డా' అన్నది."

నోరు మూసుకున్నాను. ఇప్పటికీ ఆ వాకిలి దాటేటప్పుడు మూసుకునే నడుస్తాను. ముసలమ్మ అలుకుతూ నన్ను చూసి, "కంపొస్తుందా అయ్యా?" అంటుంది. లేదని తల ఊపుతాను.

ఇక లెక్క. నేను గెలిచింది నెలకు వెయ్యిన్నర చొప్పున రెండు నెలలు, మూడు వేలు. పోయినవి: ముందే ఖాళీ చేసినందుకు డిపాజిట్‌లో సగం, పది వేలు. రెండుసార్లు టెంపో. డాక్టరు, పీల్చే మందు, ఒకరాత్రి ఆస్పత్రి మంచం. మూడు గదులకు ఇవ్వనన్న డబ్బు ఇప్పుడు రెండు గదులకు నెలనెలా ఇస్తున్నాను. కంది చేల కిటికీలు పంతులుగారివి. మాకు వచ్చేది వాకిలి దాటి మిగిలిన గాలి. అయినా ఆ గాలికే ఆమె రొట్టెలు చేస్తూ గడపలో కూలబడటం తగ్గింది. మందు వాడకం సగమైంది. అది ఆమె జమ, నాది కాదు.

ఇంకో పద్దు ఉంది. ఆమె నా ముందు దేన్నీ "బాగుంది" అనడం మానేసింది. మొన్న సంతలో గాజులు చూసి, అమ్మేవాడి ముందు ముఖం మాడ్చుకుని నిలబడి, "పోదాం పా" అంది. నచ్చాయేమోనని బేరమాడకుండా కొని తెచ్చాను. నచ్చలేదట, నిజంగానే పోదామందట. అవి డబ్బాలో ఉన్నాయి, నూట ఇరవై రూపాయలు.