భర్తీ కాయిదం

నన్ను ఆరో తరగతిలో బడి మాన్పించారు. నేను పరీక్ష తప్పలేదు, బడి ఎగ్గొట్టలేదు, ఎవరితోనూ తగవు పడలేదు. మా అమ్మ అడిగిన ఒక్క ప్రశ్నకు బడివాళ్లు కాగితం మీద జవాబు రాసి ఇవ్వలేదు. అందుకు మాన్పించారు.

ఇప్పటికీ బడి నుంచి, పిల్లలకు కవాతు నేర్పే క్యాడెట్ల దళం కాగితం ఇంటికి వస్తే, తల్లిదండ్రులు సంతకం ఎక్కడ పెట్టాలో చూస్తారు గాని పైన ఏం రాసి ఉందో చూడరు. పంపినవాళ్లకు చెప్పే ఓపిక ఉండదు. మా అమ్మకు అక్షరం రాదు. అయినా ఆమె అడిగింది.

మాది తాండూరుకు నడిచి పోగలిగినంత దూరంలో ఒక ఊరు. నాకు ఊహ తెలియక ముందే నాన్న పోయాడు. అమ్మ నాపరాళ్ల గనిలో కూలికి పోయేది. పోలీసు చర్య జరిగి అప్పటికి మూడేళ్లయింది. బడిలో పాఠాలు తెలుగులోకి మారాయి, ఇంటికి పంపే కాగితాలు మాత్రం ఇంకా ఉర్దూలోనే ఉండేవి.

ఆ ఏడు కొత్త డ్రిల్లు మాస్టారు వచ్చారు. పాత సిపాయి. క్యాడెట్ల కోసం పిల్లలను ఏరుతూ చివరగా నన్ను పిలిచారు. నా కుడి పాదాన్ని ఒక కాగితం మీద పెట్టించి చుట్టూ పెన్సిలుతో గీశారు. అది బూట్ల కొలత. అప్పటిదాకా నా కాలికి చెప్పు కూడా తెలియదు. పెన్సిలు వేళ్ల సందుల్లో తిరుగుతుంటే చక్కిలిగింత. ఊపిరి బిగబట్టినా ఆగలేక నవ్వాను, బొటనవేలి దగ్గర గీత వంకరపోయింది. మాస్టారు కొలత చూసుకుని నంబరు రాసుకున్నారు. కాగితం తిప్పి, "గీ దిక్కు మీ అమ్మతోని ఏలిముద్ర ఏయించుకరా" అన్నారు.

కాగితం చదివించుకోవడానికి అమ్మ నన్ను వెంటబెట్టుకుని దర్జీ ముసలాయన దగ్గరికి పోయింది. ఆయనకు ఉర్దూ వచ్చు. కుట్టుమిషను ఆపి, కళ్లద్దాలు పెట్టుకుని చూశాడు.

"నీ కొడుకును క్యాడెట్లల్ల భర్తీ చేసుకుంటరట బిడ్డా. నీకు ఇష్టమేనా అని అడుగుతున్రు."

"ఏమంటివి చిచ్చా? మల్ల సదువు."

"భర్తీ. సాఫ్ రాసున్నది."

బడివాళ్ల లెక్కలో ఆ మాటకు చేర్చుకోవడం అని అర్థం. మా ఇంట్లో దానికి వేరే అర్థం ఉంది. పెద్ద లడాయి, అంటే రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో అమ్మ తమ్ముడు బొల్లారం పోయి సైన్యంలో భర్తీ అయ్యాడు. మళ్లీ రాలేదు. చనిపోయాడన్న కబురు కూడా రాలేదు.

"ఎక్కడికి తోల్కపోతరట?"

"వికారాబాద్ కాడ గుట్టల మీద క్యాంపట. పది దినాలే. ఫికర్ చెయ్యకు."

"మా తమ్మునికి గూడ పది దినాలే అన్నరు చిచ్చా."

మర్నాడు అమ్మ గనికి పోకుండా బడికి వచ్చింది. మేము వరుసలో నిలబడి ఉన్నాం. నేరుగా డ్రిల్లు మాస్టారి ముందుకు పోయి అడిగింది.

"సారూ, నా పోరన్ని లడాయికి తోల్కపోతరా?"

మాస్టారు పకపకా నవ్వారు. "లడాయికా? గీన్నా? తుపాకి నిలబెడితే గీడు దాని సాటుకు కనబడడు గదమ్మా! గీన్ని జూసి దుష్మన్లు నవ్వి నవ్వి సస్తరు."

వరుసంతా నవ్వింది. నేనూ నవ్వాను. అలా నవ్వినందుకు ఇన్నేళ్లయినా నా మీద నాకు కోపం పోలేదు.

అమ్మ నవ్వలేదు. "తోల్కపోము అని కాయిదం మీద రాసియ్యి. ఏలిముద్ర ఏస్త."

"సర్కారు సంగతి నేనెట్ల రాసియ్యాలె? నాకేం అక్తియార్ ఉన్నదమ్మా?"

"మరి పెద్దసారును రాసియ్యమను."

పెద్దసారు గదిలోంచే కేకేశారు. "ఒక్కొక్కరికి రాసిచ్చుకుంట కూసుంటె బడి నడుస్తదా?"

"అయితె నా కొడుకు పేరు కొట్టెయ్యుండ్రి."

"క్యాడెట్లలదా?"

"బడిలది. పేరున్న కాడికే గద వచ్చి పట్టుకపోయేది!"

ఊళ్లో అందరూ అమ్మది మొండితనం అన్నారు. ఆమె అడిగింది నాలుగు ముక్కలు. ఒక కార్డు మీద పట్టేంత విషయం. చదువుకున్నవాళ్లు ఇద్దరు, ఒకరు నవ్వి, ఒకరు కసిరి పంపించారు. మొండివాళ్లు ఎవరో నాకు ఆనాడే తెలుసు.

ఆ వారం నుంచే నేనూ గనిలో చేరాను. మా బండలు ఎడ్లబండ్ల మీద తాండూరు స్టేషనుకు పోయేవి. ఒకసారి బండల వెంట నేనూ పోయాను. ప్లాట్‌ఫారం మీద ఖాకీ లాగుల్లో మా బడి క్యాడెట్లు, వికారాబాద్ పోయే ప్యాసింజరు కోసం నిలబడి ఉన్నారు. బడిలో నా పక్కన కూర్చునేవాడు నన్ను గుర్తుపట్టాడు.

"ఏంరా బండలోడా! నీ బూట్లు నాకే ఇచ్చిన్రు. నీది పిట్ట కాలురా, మస్తు కరుస్తున్నయ్."

వాడు వేళాకోళానికే అన్నాడు. నేను మాత్రం వాడి కాళ్ల వైపే చూస్తూ ఉండిపోయాను. రైలు కదిలి కనుమరుగయ్యాక, ఖాళీ ప్లాట్‌ఫారం మీద వట్టి కాళ్లతో నాలుగడుగులు వేశాను. ఎడమ కాలు ముందు. చప్పుడు రాలేదు.

ఆ గుట్టల మీద పొద్దున్నే బూర ఊదుతారట. తెల్లారేసరికి గుడారాల మీద మంచు పడి ఉంటుందట. అందరూ ఒకే వరుసలో కూర్చుని రేకు పళ్లాల్లో తింటారట. పోయి వచ్చినవాళ్లను అడిగి అడిగి విన్నాను. వాళ్లు మరిచిపోయినవి కూడా నాకు గుర్తున్నాయి. వికారాబాద్ బండి కూత వినబడినప్పుడల్లా గనిలో నా సుత్తి ఒక్క దెబ్బ తప్పేది.

చదువు మాత్రం వదల్లేదు. పనికిరాని బండముక్క నా పలక, బొగ్గు నా బలపం. బెల్లం కట్టి ఇచ్చిన కాగితం నా పుస్తకం. దర్జీ ముసలాయన పిలిచి ఉర్దూ నేర్పాడు. "నా నోటి మాటతోని నీ బడి పాయె. జర నన్నే తిరిగియ్యనియ్యి బేటా" అన్నాడు. ఇదంతా బడి పెద్దసారుకు ఒక ఉత్తరం రాయడానికే. మొదటిది బండ మీద రాసి, దిద్ది, కార్డు మీదికి ఎక్కించాను: నన్ను లడాయికి పంపేవారా, పంపేవారు కారా? జవాబు లేదు. రెండోసారి రాశాను, మూడోసారి రాశాను. పెద్దసార్లు మారారు. బడి మానినవాడికి జవాబెందుకు అనుకున్నారో ఏమో.

చైనా యుద్ధం ముగిసిన మరుసటి ఏడు. నేను బడి మాని పన్నెండేళ్లు. బళ్లల్లో ఎక్కడ చూసినా క్యాడెట్లే. ఒకనాడు అమ్మ పెట్టె అడుగు నుంచి మడత కాగితం తీసింది. అది ఎప్పుడో పొయ్యిలో పోయిందనుకున్నాను.

"నీ కాలున్నది దాని మీద. పొయ్యిల ఎట్లేస్తరా?"

బొటనవేలి దగ్గరి వంకర గీతను వేలితో తడిమింది. "నేను తప్పు జేసిన్నా కొడకా?"

"నువ్వు అడిగిన దాంట్ల తప్పేమున్నదే?"

"గది గాదు. నిన్ను తోల్కపోతుండిరా, లేదా?"

తోలుకుపోయేవారు కాదని అప్పటికి నాకు తెలుసు. కాని ఆమె కోరింది నోటి మాట కాదు.

ఈసారి ఉత్తరం వేరేగా రాశాను. ఒక పిల్లవాడిని క్యాడెట్లలో చేర్చుకుంటామంటున్నారు, తల్లికి భయంగా ఉంది, ఆమె తెలుసుకోవలసినది దయచేసి కాగితం మీద రాసి పంపండి అన్నాను. అందులో అబద్ధం లేదు. పిల్లవాడి వయసు మాత్రం రాయలేదు.

పన్నెండో రోజున కార్డు వచ్చింది. అమ్మ చేతుల దుమ్ము కడుక్కుని, పాత కాగితం ఒళ్లో పెట్టుకుని, నా ఎదురుగా కూర్చుంది. "పెద్దగ సదువు" అంది. చదివాను:

"అయ్యా, మీ ఉత్తరం అందినది. క్యాడెట్లలో చేరిన విద్యార్థిని యుద్ధానికి గాని, సైన్యంలోకి గాని పంపరు. క్యాంపు ముగియగానే పిల్లలందరూ ఇళ్లకు తిరిగి వస్తారు. ఇష్టం లేకపోతే మానుకోవచ్చును. తల్లిగారిని భయపడవద్దని చెప్పండి. అబ్బాయిని సోమవారం తప్పక పంపండి. బూట్ల కొలత కోసం పాదాన్ని కాగితం మీద పెట్టి చుట్టూ పెన్సిలుతో గీసి, ఆ కాగితం అబ్బాయి చేతికే ఇవ్వగలరు."