తియ్యటి నీళ్ల డబ్బా

మా గిలకలదిండిలో ఖాళీ డబ్బాను ఎవరూ పారేయరు. ఇంజిన్ ఆయిల్‌దైనా, మరేదైనా, చింతపండూ బూడిదా వేసి తోమి, మూతి దగ్గర ముక్కు పెట్టి వాసన చూస్తాం. డీజిల్ కంపు లేకపోతే అది మంచినీళ్ల డబ్బా. బోట్లు వేటకు వెళ్లేటప్పుడు అందులోనే నీళ్లు నింపి పంపుతాం. నాకు ఇది మా అత్త నేర్పింది.

మా ఆయన బోటులో ఇంజిన్ చూసేవాడు. ఆ వేడికి దాహం ఎక్కువని, అందరి డ్రమ్ము కాకుండా ఆయనకు విడిగా ఒక డబ్బా ఉండేది. అది పగిలిపోతే మెకానిక్ షెడ్డు గోడవారన ఉన్న తెల్ల డబ్బా ఒకటి అడిగి తెచ్చాను. అడుగున నాలుగు వేళ్ల ఎత్తు నీళ్లున్నాయి. మెకానిక్ డబ్బా కడిగి వదిలేసిన నీళ్లనుకున్నాను. వాసన చూశాను. ఏ వాసనా లేదు. ఆ రోజు కుళాయి దగ్గర పెద్ద వరస. మాకు మంచినీళ్లు దొరకడమే కష్టం, ఉన్నవి పారబోయడమెందుకని పైపైన తోమి వాటి మీదే నింపేశాను.

మర్నాడు మధ్యాహ్నం బోటు వచ్చింది. ఆయన తూలుతూ దిగాడు. మాట ముద్దగా వస్తోంది. చేపల వేలం దగ్గరున్నవాళ్లు చూసి నవ్వారు.

“ఏం బావా, సముద్రంలో కూడా సారా కొట్టు పెట్టారా?” అన్నాడొకడు.

అంతకు నాలుగు నెలల ముందే ఆయన్ని మోపిదేవి గుడికి తీసుకెళ్లి, పుట్టలో పాలు పోయించి, ఇక ముట్టనని ఒట్టు వేయించాను. నాకు తల కొట్టేసినట్టయింది.

“మళ్లీ తాగొచ్చావా?” అన్నాను.

“సామి మీదొట్టే, తాగలేదు. నీళ్లే తాగా. తియ్యగా ఉన్నాయే ఆ నీళ్లు.”

“నీళ్లు తియ్యగా ఉన్నాయంట! వాసన రాకుండా ఏం నమిలావో అది చెప్పు ముందు.”

అందరూ మళ్లీ నవ్వారు.

రెండో రోజుకు ఒంటేలు ఆగిపోయింది. ఆసుపత్రిలో డాక్టరుగారు, “తాగుతాడా అమ్మా?” అని అడిగారు. మంచం మీద నుంచి ఆయన నా వంకే చూస్తున్నాడు. “తాగుతాడండి” అన్నాను. తియ్యటి నీళ్ల మాట నాకు గుర్తే రాలేదు. నాలుగో రోజున ఆయన పోయాడు.

ఏడెనిమిదేళ్ల తర్వాత, వలలు బాగుచేసే పాకలో మధ్యాహ్నాలు అక్షరం రాని మాలాంటి వాళ్లకు చదువు చెప్పడం మొదలుపెట్టారు. చెప్పే ఆవిడ బందరులో సైన్సు టీచరుగా చేసి రిటైరైన పెద్దావిడ. ఒకరోజు, ఇంట్లో అక్షరాలున్న వస్తువు ఏదైనా తెమ్మన్నారు. బోటులోంచి ఖాళీగా తిరిగొచ్చిన ఆ తెల్ల డబ్బాలో నేను కిరసనాయిలు పోసుకుంటున్నాను. అదే పట్టుకెళ్లాను.

“ఇవి ఇంగ్లీషు అక్షరాలమ్మా. నీకింకా గుణింతాలే రాలేదు,” అని ఆవిడ నవ్వుతూ కళ్లజోడు సర్దుకున్నారు. చదివాక నవ్వు ఆగిపోయింది. “ఇందులో మంచినీళ్లు పొయ్యలేదు కదా?”

“ఏముండేదండీ ఇందులో?”

“ఇథిలీన్ గ్లైకాల్ అంటారు. ఇంజిన్ నీళ్లలో కలుపుతారు. కలిపితే అవి తొందరగా మరగవు, చలికి గడ్డకట్టవు.”

“బందర్లో గడ్డకట్టే చలెక్కడిదండీ!” అంది నా పక్కనున్నామె.

చూడ్డానికి ఎలా ఉంటుందని అడిగాను. రంగు కలపకపోతే నీళ్లలాగే ఉంటుందన్నారు. కాస్త చిక్కన. వాసన ఉండదు. తియ్యగా ఉంటుంది.

“తాగితే?”

“ముందు సారా తాగినట్టే తూలతారు, మాట ముద్దవుతుంది. తర్వాత మూత్రపిండాలు పోతాయి. వెంటనే తెలిస్తే వైద్యం ఉంది.”

అలాంటిది ఎందుకు తయారుచేస్తారండీ అన్నాను. నా గొంతు ఎలా వినిపించిందో ఏమో, ఆవిడ సుద్దముక్క తీసుకుని బోర్డు మీద బొమ్మలు వేసి మరీ చెప్పారు. పెట్రోలియం నుంచి వచ్చే ఒక గ్యాసుకు ఆక్సిజన్ కలుపుతారట. వచ్చినదాన్ని బోలెడు నీళ్లతో కలిపి, ఒత్తిడి పెట్టి కాస్తారట. మిగిలిన నీళ్లు ఆవిరి చేసేస్తే ఇది దిగుతుందట. “నీ పాలిస్టర్ చీర కూడా దీంతోనే తయారవుతుంది. చీరయ్యాక విషం కాదులే,” అన్నారు నా కొంగు చూపించి. నేను కొంగు వదిలేసి చేతులు ఒళ్లో పెట్టుకున్నాను.

ఇంటికి వెళ్లేసరికి అత్త చేపలు బాగుచేస్తోంది.

“అత్తా, ఆ రోజు ఆయన తాగలేదంట.”

“నాకు తెలుసు. సామి మీద ఒట్టేసి నా కొడుకు అబద్ధమాడడు. వాడు చెబితే నమ్మందానివి, ఇప్పుడెవరు చెబితే నమ్మావే?”

“నీళ్ల డబ్బాలో ఇంజిన్ మందుందంట.”

ఆవిడ చెయ్యి ఆగింది. కత్తి కింద పెట్టింది.

“వాసన చూశావా?”

“చూశానత్తా.”

“అయితే నేన్నేర్పిందే చేశావు,” అని తల వంచుకుని మళ్లీ కత్తి అందుకుంది. మర్నాడు మా ఇంట్లో ఉన్న డబ్బాలన్నీ తనే కోసి పారేసింది.

అడుగున నాలుగు వేళ్ల నీళ్లున్నాయని, వాటిని నేను పారబోయలేదని మాత్రం ఆవిడకు చెప్పలేదు. తప్పు తను నేర్పినదానిదే అనుకుంటూనే ఆవిడ కన్నుమూసింది.